చలి మాట రాయని కాగితం

గాసిని ఊరంతా ఎనిమిదేళ్ళపాటు సోమరిపోతన్నారు. ఊరిని అనుకుని ఏం లాభం, సొంత అక్క రమణి కూడా అంది. అనదా మరి? పద్దెనిమిదేళ్ళ కుర్రాడు తెల్లారితే చాప మీంచి లేవడు. చెయ్యి పట్టుకుని లాగితే మూలుగుతాడు. లేచాక గంటసేపు గోడ పట్టుకుని వంగి వంగి నడుస్తాడు. పది దాటి ఎండ ముదిరేసరికి అదే మనిషి ఒంటి వెదురు నిచ్చెన భుజాన వేసుకుని తోటకెళ్ళి, నలభై అడుగుల సిల్వరోకు చెట్టు మీదికి పాకిన మిరియాల పాదుని కొసదాకా దూసుకొస్తాడు. మధ్యాహ్నం చెట్టెక్కేవాడికి పొద్దున్న నడుం పట్టేసిందంటే నమ్మేదెవరు? చింతపల్లి కొండల్లో పొద్దుటి పనే పని. ఆ పూటకి అందనివాడు ఎందుకూ అందనట్టే.

అది సోమరితనం కాదు, జబ్బు అని తేలేసరికి గాసికి ఇరవయ్యారేళ్ళొచ్చాయి. అప్పటికే మెడ పక్కకి తిరగడం మానేసింది. ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా తిరగాల్సిందే. మొగుడు పోయాక తమ్ముడి దగ్గరికే వచ్చేసిన రమణి, వాణ్ణి వెంటేసుకుని ఎన్ని ఆసుపత్రుల గడపలు తొక్కిందో, ఎందరు బలం బిళ్ళలిచ్చి పంపేశారో చెప్పుకుంటూ పోతే ఇక్కడే పొద్దు గూకుతుంది. చివరికి విశాఖలో ఒక పరిశోధన ఆసుపత్రిలో, పేరెందుకులెండి, సౌజన్య అనే డాక్టరమ్మ నోరు తిరగని పేరొకటి చెప్పింది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని, చివరికి వెన్నంతా వెదురుబొంగులా బిగుసుకుపోయే జబ్బట.

"ఎదురుబొంగయితే నిచ్చెనకి పనికొస్తాది డాట్రమ్మా. నా ఎన్ను దేనికి పనికొస్తాది?" అన్నాడు గాసి.

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, అంతవరకు ఏ డాక్టరూ చెప్పనంత నిదానంగా చెప్పింది.

"ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి గాసీ. టి కణాలంటాం. ఒక్కోదానికి చెయ్యిలాంటిది ఒకటుంటుంది, రిసెప్టర్ అని. ఆ చేత్తో తడిమి, వీడు మనవాడు, వీడు పైవాడు అని తేల్చుకుంటాయి. నీ ఒంట్లో ఒక రకం చెయ్యున్న కణాలు నీ వెన్నునే తడిమి పైవాడనుకుంటున్నాయి. అందుకే దాడి."

"ఆటిని సంపీలేరా?"

"కాపలా మొత్తాన్ని అణిచేసే మందులున్నాయి. అప్పుడు నిజంగా క్రిమి దూరితే అడ్డుకునేవాళ్ళుండరు. ఇది కొత్త మందు. మోనోక్లోనల్ యాంటీబాడీ అంటారు. అచ్చం ఒకేలాంటి ప్రొటీన్లు, కోట్లకు కోట్లు. ఆ ఒక్క రకం చేతినే వెతికి పట్టుకుంటాయి, మిగతా కణాల జోలికి పోవు. కానీ ఇంకా పరీక్షల్లో ఉంది. తగ్గుతుందని నేను మాటివ్వలేను."

గాసి దాన్ని తనకి తెలిసిన లెక్కలోకి మార్చుకున్నాడు. "మా ఘాటీ కింద చెక్‌పోస్టుంది డాట్రమ్మా. ఎవుడో ఒకడి సంచిలో గంజాయుంతాదని జీపులో ఉన్నోలందర్నీ దింపీసి తడుముతారు. ఓపాలి మా రమణప్ప అంబలికి తెచ్చుకున్న సోడిపిండి కూడా ఒలకబోయించీసినారు. ఈ మందు ఆ ఒక్కడినే దింపుతాదన్నమాట."

"అచ్చం అంతే," అంది డాక్టరమ్మ, ఈసారి నవ్వుతూ.

పన్నెండు ఇంజక్షన్లు. రెండు వారాలకొకటి. మొదటి రెండూ ఆసుపత్రిలోనే వేశారు. కొండ మీంచి మాటిమాటికీ రాలేరు కాబట్టి ఆ తర్వాతవి ఇంటి దగ్గర వేసుకోవచ్చన్నారు. నెలకోసారి వచ్చి రెండేసి సీసాలు నీలం డబ్బాలో పట్టుకెళ్ళాలి. పదో తరగతి దాకా చదివిన రమణి, కమలాపండుకి పొడిచి పొడిచి సూది వెయ్యడం నేర్చుకుంది. పరీక్ష పనులు చూసే వినయ్ అనే కుర్రాడు తెలుగులో అచ్చేసిన కాగితమొకటి చేతికిచ్చి, పదకొండు సూచనలూ చదివి వినిపించాడు. ఎండ తగలనివ్వకండి. పొయ్యి దగ్గర పెట్టకండి. ఎనిమిది డిగ్రీలు దాటనివ్వకండి. కారు డిక్కీలో వదిలెయ్యకండి. కారు డిక్కీ అన్నప్పుడు అక్కాతమ్ముళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఆఖరి సూచన మాత్రం నవ్వులాట కాదు: వరసగా రెండు ఇంజక్షన్లు తప్పితే పరీక్షలోంచి తీసేస్తారు.

ఊళ్ళో ఫ్రిజ్ ఉన్నది వరహాలరావు కొట్లోనే. అనకాపల్లి వైపునుంచి వచ్చి పాతికేళ్ళుగా కొండ మీద కిరాణా కొట్టు నడుపుతున్న మనిషి. మాట దురుసు గానీ మనిషి మంచివాడే. కూల్‌డ్రింకులు పక్కకి జరిపి, గాసి మందుకో అర ఖాళీ చేసి, దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా పసుపు బొట్టు పెట్టాడు.

నాలుగో ఇంజక్షను వేసిన వారానికి రమణి జన్మలో మర్చిపోలేనిదొకటి జరిగింది. తెల్లారగట్ట చలికి దుప్పట్లో ముడుచుకుని పడుకుంది. ఎవరో తల దగ్గర నిలబడ్డట్టయి కళ్ళు తెరిచింది. గాసి! నిటారుగా నిలబడి, ఎన్నేళ్ళుగానో తను వాడికి చాపినట్టే చెయ్యి చాపి ఉన్నాడు.

"లెగప్పా. సెయ్యియ్యి. సోమరిపోతా, తెల్లారిపోనాది," అన్నాడు.

రమణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ చెయ్యి పట్టుకుని లేచింది. ఆ రోజు అంబలి కూడా తాగకుండా వాడు నిచ్చెన తీసుకుని ఊరంతా కనబడేలా వీధి వెంట తోటకెళ్ళాడు. పొద్దున్న ఏడింటికి! కావాలనే ప్రతి గుమ్మం ముందూ ఆగి పలకరించాడు. మాఘమాసం దాటితే మిరియాలు ఎర్రబడతాయి. ఈ యేడు మొత్తం తోట తనే దూస్తానని అందరికీ చెప్పాడు.

ఇంత మంచి జరిగాక ఇక చెడేదేముందనుకున్నారు. అక్కడే దెబ్బ తగిలింది.

పుష్యమాసంలో రాకూడని గాలివాన వచ్చింది. సిల్వరోకులు కరెంటు తీగల మీద పడ్డాయి. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు, కరెంటు లేదు. కరెంటు లేకపోయేసరికి ఫోను టవరూ పడుకుంది. మూడో రోజు పొద్దున్న వరహాలరావు నీలం డబ్బా చంకనేసుకుని తనే ఇంటికొచ్చాడు.

"ఏటే రమణీ, నా ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు కసాయాల్లాగున్నాయి. డబ్బాలో అయిసు కూడా కరిగిపోనాది. ఈ మందు సంగతేదో బేగి సూడు."

డబ్బాలో రెండు సీసాలు. ఒకటి ఎల్లుండి వెయ్యాల్సింది, రెండోది పక్షం తర్వాతది. రమణి డబ్బా చంకన పెట్టుకుని పదకొండు కిలోమీటర్లు నడిచి ఆరోగ్య కేంద్రానికెళ్ళింది. అక్కడ టీకాల ఫ్రిజ్ సోలారుతో నడుస్తుంది. తలుపుకి తాళం. నర్సు ప్రసన్నని ఎక్కడో క్యాంపుకి వేశారట, మూడు రోజులదాకా రాదట. తాళం చెవి ఆమె దగ్గరే ఉందట. అక్కడే అరుగు మీద కూర్చుని రమణి తాళాన్నీ, తాళం వేసినవాళ్ళనీ, కరెంటువాళ్ళనీ వరసపెట్టి తిట్టి, వచ్చిన దారినే తిరిగి నడిచింది.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. గాలివాన వెలిసి ఆకాశం తేటపడింది. తేట ఆకాశమంటే ఆ రాత్రి చలి ఎముకలు కొరుకుతుందని ఆ కొండల్లో పిల్లలకి కూడా తెలుసు. కాఫీ ఆరబెట్టే కల్లం మీద తెల్లారేసరికి ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకుంటుంది. పళ్ళెంలో నీళ్ళు పెడితే పైన పొరకడుతుంది. రమణికి తటాలున తట్టింది. అవును గదా! ఫ్రిజ్ ఎందుకు? చల్లగా ఉంచడానికి. చలి మనకి అప్పు తెచ్చుకోవాలా? ఇంట్లోనేమో రాత్రంతా నిప్పు, అది మందుకి పడదు. ఆ నీలం డబ్బా మందంగా ఉంది, బయటి చలిని లోపలికి రానివ్వదు. అందుకని సీసాలు రెండూ తీసి స్టీలు క్యారేజీ గిన్నెలో పెట్టి మూతేసింది. కల్లం మధ్యలో, అన్నిటికంటే ముందు తెల్లబడే చోటు ఏదో తనకి తెలుసు, సరిగ్గా అక్కడ పెట్టింది. కుక్కలు దొర్లించకుండా పైన రాయి పెట్టింది.

"సూసినావేట్రా? ఆ కరెంటోల దయ మనకెందుకు?" అంది గాసితో.

పొద్దున్న మూత తీసేసరికి సీసాల్లో మందు తెల్లటి గడ్డ. రమణి పొంగిపోయింది. ఔను, పొంగిపోయింది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది తనకి. వరహాలరావు ఫ్రిజ్‌లో ఏనాడూ ఇంత చల్లగా లేదు కదా అనుకుంది. ఆ పగలు సీసాల్ని మళ్ళీ డబ్బాలో పెట్టి, చన్నీళ్ళ ఊటలో దించి ఉంచింది.

మర్నాడు ఇంజక్షను రోజు. వేసే ముందు ఫోను చేసి చెప్పాలని నియమం. టవరు వచ్చిందని తెలిసి, సిగ్నలు దొరికే బండ ఎక్కి వినయ్‌కి ఫోను చేసింది. మూడు రోజుల కష్టం, పదకొండు కిలోమీటర్ల నడక, తాళం, క్యారేజీ, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. "గడ్డ కట్టీసింది బాబూ, అంత సల్లగా దాసినాను," అని మెచ్చుకోలు కోసం ఆగింది.



"రమణి గారూ, వీడియోలో సీసాలు చూపించండి," అన్నాడు వినయ్. చూపించింది. కరిగిన మందులో సన్నటి పోగుల్లాంటివి తేలుతున్నాయి. "వెయ్యకండి. రెండూ వెయ్యకండి. పాడైపోయాయి."

"సల్లగా ఉంటే పాడవడమేటి బాబూ? నువ్వే కదా సల్లగా ఉంచమన్నావు!"

"చల్లగా ఉండాలండీ, గడ్డ కట్టకూడదు. అది ప్రొటీను. గుడ్డు ఉడికాక మళ్ళీ పచ్చిది చెయ్యలేం కదా, ఇదీ అంతే. గడ్డ కడితే దాని ఆకారం చెడిపోతుంది. ఆ కణం చేతిని ఇక పట్టుకోలేదు. పైగా ఒంటికి కీడు కూడా చెయ్యొచ్చు."

రమణి బండ మీద కూలబడింది. కింద నిలబడి అంతా విన్న గాసి, మనిషంతా ఇటు తిరిగి అరిచాడు.

"ఎందుకు సెప్పీసినావప్పా? నువ్వు సెప్పకపోతే ఆడికెలా తెలుస్తాది?"

"పాడయిన మందు నీ ఒంట్లోకి ఎక్కించమంటావేట్రా?"

"ఏమో, సగమైనా పనిసేసునేమో! నాలుగు సూదులతో లేచినోడిని. నీ నోరు... సత్తెకాలపు నోరు!"

వాడా మాటనేసి తోట వైపు పోయాడు. రమణికి వాడి మీద కోపం రాలేదు. వాడన్నది తన మనసులోనూ ఉంది. అందుకే తన మీద తనకే ఒళ్ళు మండింది.

మర్నాడే ఇద్దరూ జీపెక్కారు. చెక్‌పోస్టు దగ్గర మామూలుగానే అందర్నీ దింపారు. ఒక పోలీసు నీలం డబ్బా తెరిచి, "ఇదేంటి?" అన్నాడు.

"మందు బాబూ. ఎన్నుపూస జబ్బుకి," అంది రమణి.

సీసాల్ని వెలుగులో పట్టి చూసి, ఎంతో జాగ్రత్తగా లోపల సర్ది మూత పెట్టిచ్చాడతను. ఇంక జాగ్రత్తెందుకు నాయనా అని అతని మొహం మీదే అందామనుకుని, నోరు నొక్కుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గది వెనకాలే మందుల గది. అద్దం తలుపున్న పెద్ద ఫ్రిజ్. దాన్నిండా అవే సీసాలు, అవే నీలం మూతలు. రమణి వేలు పెట్టి చూపించింది.

"అన్నున్నాయి కదమ్మా. రెండివ్వండి."

"అవన్నీ వేరేవాళ్ళ పేర్ల మీద వచ్చినవి రమణీ," అంది సౌజన్య. ఆవిడ మొహం నిజంగానే పీక్కుపోయి ఉంది. "ఒక్కో సీసాకి ఒక్కో మనిషి నంబరు. ఒకరిది ఇంకొకరికి వేస్తే పరీక్షే చెల్లదు. గాసి పేరున కొత్తవి తెప్పించాలంటే ఐదు వారాలు పడుతుంది. కంపెనీ ఒప్పుకోవాలి."

"ఐదు వారాలంటే రెండు సూదులూ తప్పిపోవా? తప్పితే తీసీత్తారు కదా?"

"నేను రాస్తాను. గట్టిగానే రాస్తాను."

అద్దం తలుపుకి ఇవతల నిలబడి, చేతికందే దూరంలో ఉన్న మందుని చూస్తూ, అది తమది కాదని వినడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. రమణి పళ్ళు కొరుక్కుంది.

ఇంతలో వినయ్ కంప్యూటర్లో ఫారం నింపుతూ తనలో తాను చదువుకున్నాడు. "కారణం... రోగి ఇంటి దగ్గర నిర్లక్ష్యం."

అరికాలి మంట నెత్తికెక్కింది రమణికి.

"ఏటన్నావు? మళ్ళీ అను."

"అది... ఇందులో ఉన్న కారణాల్లో దగ్గరగా ఉన్నది అదేనండీ."

రమణి చీర కొంగున దాచిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. "సదువు. నిర్లక్స్యం నాదో నీదో తేలుద్దాం. ఎండ. పొయ్యి. ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. కారు డిక్కీ! మా ఊరు మొత్తానికి ఒక్క కారు లేదు, దాని డిక్కీ గురించి రాసినారు. సలి గురించి ఒక్క మాటుందేటి ఇందులో? పదకొండిట్లో ఒక్కటి? ఇది రాసినోడు సెమటలు పట్టీ ఊళ్ళో కూకుని రాసినాడు. ఆడికి ఎండా ఏడీ అంటేనే బయిం. మాకు పళ్ళెంలో నీళ్ళు గడ్డకట్టీ ఊరని ఎవులైనా అడిగినారా? పదకొండు కిలోమీటర్లు నడిసి ఎళ్ళి, తాళం సూసి ఎనక్కొచ్చి దాసినాను బాబూ. నిర్లక్స్యమని రాస్తే నాను సంతకం ఎట్టను."

వినయ్ డబ్బా తిప్పి చూపించాడు. "ఇక్కడుందండీ. 'డు నాట్ ఫ్రీజ్' అని."

"ఇంగిలీసులో ఉంది. సలి ఇంగిలీసోడిదేటి?"

డాక్టరమ్మ కాగితం తీసుకుని పదకొండు లైన్లూ వేలు పెట్టి చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ఆ మాట తీసెయ్యి వినయ్," అంది. "సూచనల్లో చలి గురించి చెప్పలేదు, తప్పు మనది అని రాయి. రమణి చెప్పినట్టే రాయి."

రాశాడు. రమణి సంతకం పెట్టింది. గెలిచినట్టే అనిపించింది కాసేపు. బస్సులో గాసి కిటికీ వైపు కూర్చుని, బయటికి చూడాలంటే మెడ తిరగక, ఎదుటి సీటు వెనక భాగాన్ని చూస్తూ వచ్చాడు.

"నాను అప్పుడు నిన్నన్నది మనసులో ఎట్టుకోకప్పా," అన్నాడు ఘాటీ ఎక్కుతుండగా.

"ఎట్టుకోలేదురా," అంది. పెట్టుకుంది. ఎన్ని ఘాటీలెక్కినా దిగనంత లోతుగా పెట్టుకుంది.

ఐదు వారాలూ రోజులు లెక్కపెట్టారు. మొదటి వారం గాసి బాగానే లేచాడు. రెండో వారం గోడ పట్టుకున్నాడు. మూడో వారం వాడు లేవడానికి పడే పాట్లు వినలేక రమణి చీకటుండగానే తోటకి పోయేది. ఐదో వారం డాక్టరమ్మే ఫోను చేసింది. నియమం నియమమేనన్నారట. గాసిని పరీక్షలోంచి తీసేశారు. తప్పు గాసివాళ్ళది కాదని తను మూడుసార్లు రాసినా లాభం లేకపోయింది. వేరే రకం ఇంజక్షన్లు ప్రభుత్వ పథకంలో వస్తాయేమో అర్జీ పెడతానంది. ఈలోగా బిళ్ళలు, వ్యాయామం. రమణి సరేనమ్మా అంది. అంతకంటే ఏమంటుంది?

మాఘం దాటింది. మిరియాలు ఎర్రబడ్డాయి. ఒకరోజు సాయంత్రం వరహాలరావు కొట్టు ముందునుంచి కేకేశాడు.

"ఓలే రమణీ! నీకు ఇసాపట్నం నుంచి కవరొచ్చింది!"

గాసిని మళ్ళీ పిలిచారేమోనని పరుగున వెళ్ళింది రమణి. అతనే చించి చదివాడు. గాసి మళ్ళీ రావచ్చని కాదు. కొత్తగా అచ్చేసిన సూచనల కాగితం. పన్నెండు సూచనలు. పన్నెండోది లావు అక్షరాల్లో: "గడ్డ కట్టిన మందు పనికిరాదు. చలి ప్రాంతాలవారు ఆరుబయట ఉంచరాదు." కింద డాక్టరమ్మ చేత్తో రాసింది, ఈ కాగితం ఇప్పుడు పరీక్షలో ఉన్న అందరికీ వెళ్తోందని.

"సూసినావేటే, నీ మాట అచ్చేసినారు!" అన్నాడు వరహాలరావు. నిజంగానే సంతోషపడ్డాడాయన. ఫ్రిజ్‌లో పసుపు బొట్టు పెట్టిన అర మాత్రం ఇంకా ఖాళీగానే ఉంచాడు.

మర్నాడు పొద్దున్న రమణి ఆ కాగితం గాసికిచ్చింది. వాడు చాప మీద వెల్లకిలా పడుకునే, కూర్చోలేడు కాబట్టి కాగితాన్ని రెండు చేతుల్తో మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, కూడబలుక్కుంటూ పన్నెండూ చదివాడు. బయట పొరుగింటివాళ్ళు మిరియాలు కొయ్యడానికి నిచ్చెనలు మోసుకుంటూ పోతున్న అలికిడి వినబడుతోంది.

"బాగుందప్పా," అన్నాడు. "ఎవులికో ఒకలికి పనికొస్తాది."

కాగితం మడిచి పక్కన పెట్టి, చెయ్యి పైకి చాపాడు.

"సెయ్యియ్యప్పా. లెగాలి."